రాతప్రతికి కాపీరైట్ నమోదు: దరఖాస్తు చేసే విధానం

రాతప్రతిని ప్రచురణకర్తకో, లిటరరీ ఏజెంటుకో, సినిమా నిర్మాతకో పంపే ముందు రచయితలకు వచ్చే మొదటి సందేహం, కాపీరైట్ చేయించాలా అని. తప్పనిసరి కాదు. కథ కాగితం మీదకో కంప్యూటర్లోకో ఎక్కిన క్షణం నుంచే హక్కు మీది. 1957 కాపీరైట్ చట్టం అందుకు ఏ దరఖాస్తూ కోరదు. నమోదు వల్ల కలిగే మేలు వేరే ఉంది. రేపు వివాదం కోర్టుకెక్కితే, కాపీరైట్ రిజిస్టరులోని వివరాలను 48వ సెక్షన్ ప్రకారం ప్రాథమిక సాక్ష్యంగా తీసుకుంటారు. కాదనేవారే ఆధారాలు చూపాల్సి ఉంటుంది.

ఏజెంట్లు, ప్రచురణ సంస్థలు మామూలుగా రిజిస్ట్రేషన్ నంబరు అడగరు. పైగా ఎడిటరు చేతిలో పడ్డాక నవల మారుతుంది. నమోదైన ప్రతి ఒకటి, అచ్చయ్యేది మరొకటి అవుతుంది. కాబట్టి ఏజెంట్లకు మాత్రమే పంపుతున్నవారు సర్టిఫికెట్ వచ్చేదాకా ఆగనక్కర్లేదు. సినిమాకో వెబ్ సిరీస్‌కో కథ పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగేవారు మాత్రం ముందే చేయించుకోవడం మంచిది. అయితే ఒక మాట: చట్టం కాపాడేది రాసిన తీరునే గాని ఆలోచనను కాదు. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టం చేసింది. నాలుగు వాక్యాల 'లైన్' నమోదు చేయిస్తే ఒరిగేది తక్కువ. పాత్రలు, సన్నివేశాలు, సంభాషణలతో విస్తరించి రాశాకే దరఖాస్తు పెట్టండి. ఒట్టి పేరుకు, అంటే టైటిల్‌కు, కాపీరైట్ ఉండదు.

ఎక్కడ, ఎంత

కాపీరైట్ కార్యాలయం కేంద్ర వాణిజ్య, పరిశ్రమల మంత్రిత్వ శాఖ కింద ఢిల్లీలోని ద్వారకలో, బౌద్ధిక్ సంపదా భవన్‌లో ఉంది. హైదరాబాదులోనో విజయవాడలోనో వెతకొద్దు, రాష్ట్రాల్లో శాఖలు లేవు. దరఖాస్తును కాపీరైట్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్లో పెట్టవచ్చు. సాహిత్య రచనకు ఫీజు 500 రూపాయలు. దరఖాస్తు తిరస్కరించినా ఈ డబ్బు వెనక్కి రాదు. ఒక్కో రచనకు ఒక్కో దరఖాస్తు. పాట నమోదు చేయించేవారు సాహిత్యానికి, సంగీతానికి విడివిడిగా పెట్టుకోవాలి.

ఐఎస్‌బీఎన్‌ను దీనితో కలిపి చూడొద్దు. అది పుస్తకాన్ని గుర్తించే 13 అంకెల సంఖ్య మాత్రమే. మన దేశంలో దాన్ని రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది. దానివల్ల రచన మీద ఏ హక్కూ పుట్టదు. ప్రతిని తనకు తానే రిజిస్టర్డ్ పోస్టులో పంపుకుని కవరు విప్పకుండా దాచుకోవడం కూడా నమోదు కిందకు రాదు.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

రాతప్రతి పీడీఎఫ్, స్కాన్ చేసిన సంతకం, గుర్తింపు పత్రం దగ్గర పెట్టుకోండి. తెలుగు పీడీఎఫ్‌లతో వచ్చే చిక్కు ఒకటుంది. డీటీపీ కేంద్రాల్లో వాడే 'అను' అనే తెలుగు ఫాంట్లలో టైపు చేయించిన ఫైలులో ఫాంట్లను పొదగకపోతే, వేరే కంప్యూటర్లో తెరిచినప్పుడు అక్షరాలకు బదులు పిచ్చి గీతలు కనిపిస్తాయి. పరిశీలించే అధికారికి చదవడానికి ఏమీ మిగలదు. పీడీఎఫ్ తీసేటప్పుడే ఫాంట్లు అందులో చేరేలా చూడండి. తర్వాత అను లేని ఫోనులో ఒకసారి తెరిచి చూసుకోండి. యూనికోడ్‌లో టైపు చేసినవారికి ఈ బెడద తక్కువ. చేతిరాత ప్రతిని రంగుల్లో స్కాన్ చేస్తే ఫైలు బాగా బరువెక్కుతుంది. నలుపు తెలుపులో, చదవగలిగేంత స్పష్టతతో చేస్తే చాలు. మొదటి పేజీలో రచన పేరు, రచయిత పేరు ఉండాలి. ఫారంలో ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పేరుకు ఒకే స్పెల్లింగు ఎంచుకుని, ప్రతి పత్రంలోనూ అదే వాడండి.

దరఖాస్తుదారు ఒకరు, రచయిత మరొకరైతే రచయిత నుంచి నిరభ్యంతర పత్రం కావాలి. ఇద్దరు కలిసి రాసి ఒకరే దరఖాస్తు పెడితే రెండోవారిది కావాలి. అచ్చయిన పుస్తకమైతే ప్రచురణకర్తది కావాలి. న్యాయవాది ద్వారా వెళితే పవర్ ఆఫ్ అటార్నీ జతచేయాలి.

ఫారం 14 నింపడం

పోర్టల్లో ఖాతా తెరిచి లాగిన్ అయ్యాక ఫారం 14 వస్తుంది. దానికి రెండు అనుబంధాలు: వివరాల పట్టిక ఒకటి, అదనపు వివరాల పట్టిక ఒకటి. పేరు, చిరునామా, భాష వంటి గడుల్లో ఇబ్బందేమీ ఉండదు. దరఖాస్తులు ఇరుక్కునేది ప్రధానంగా మూడు చోట్ల.

మొదటిది, ప్రచురితమా అప్రచురితమా అన్న గడి. పుస్తకంగా రాలేదు కదా అని చాలామంది అప్రచురితం అని రాసేస్తారు. అది పొరపాటు. వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన నవల ప్రచురితమే. చట్టంలోని 3వ సెక్షన్ ప్రకారం ప్రతులు విడుదల చేయడంతో పాటు రచనను ప్రజలకు అందుబాటులోకి తేవడమూ ప్రచురణే కాబట్టి, అందరూ చదివేలా ఇంటర్నెట్‌లో పెట్టిన కథ కూడా ప్రచురితం కిందికే వస్తుంది. అలాంటప్పుడు మొదట ఏ సంవత్సరంలో, ఏ దేశంలో, ఎవరు ప్రచురించారో రాయాలి. అమెరికాలోని తెలుగు పత్రికలో ముందు అచ్చయితే దేశం అమెరికాయే. తెలిసి తప్పు వివరాలు నమోదు చేయిస్తే 67వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలుశిక్ష పడే వీలుంది.

రెండోది 11వ గడి, హక్కులు ఎవరి దగ్గర ఉన్నాయో చెప్పే చోటు. ఏ హక్కూ ఎవరికీ ఇవ్వకపోతే అన్ని హక్కులూ దరఖాస్తుదారువే అని రాస్తే సరిపోతుంది, ఖాళీగా మాత్రం వదలొద్దు. సినిమా హక్కులో, అనువాద హక్కులో, ఆడియో హక్కులో ఇంతకుముందే రాసిచ్చి ఉంటే ఎవరికి, ఎంతవరకు ఇచ్చారో చెప్పాలి. పాత ఒప్పందం తీసి చదువుకోండి. అందులో కాలపరిమితి రాయకపోతే 19వ సెక్షన్ ప్రకారం 5 సంవత్సరాలని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని లెక్క. పదేళ్ల కిందట గడువు రాయకుండా ఇచ్చిన హక్కు ఈపాటికి మీ చేతికి తిరిగి వచ్చి ఉండవచ్చు.

మూడోది అదనపు వివరాల పట్టికలోని ప్రశ్న: స్వతంత్ర రచనా, అనువాదమా, అనుసరణా? అనువాదమైతే మూల రచనకు కాపీరైట్ ఇంకా ఉందో లేదో చెప్పాలి. భారతీయ రచయిత హక్కు ఆయన జీవితకాలమూ, మరణించిన మరుసటి ఏడాది జనవరి నుంచి 60 ఏళ్లూ ఉంటుంది. 1965లో ఎప్పుడు మరణించినా ఆయన రచనలకు 2025 డిసెంబరు 31 వరకు రక్షణ ఉన్నట్టు. మూలానికి హక్కు ఉన్నంతకాలం హక్కుదారు రాతపూర్వక అనుమతి లేనిదే అనువాదానికి నమోదు అడగకండి. ఫోనులో సరేనన్నారంటే చాలదు.

కలం పేరుతో రాసేవారు దరఖాస్తుదారు గడిలో అసలు పేరే ఇవ్వాలి. రచయిత గడిలో అసలు పేరు రాసి పక్కన కలం పేరు చేర్చడమే మేలని మా సలహా. ఎందుకంటే మారుపేరుతో ప్రచురించిన రచనకు గడువు ప్రచురణ నుంచి 60 ఏళ్లే. రచయిత ఎవరో ఆలోగా వెల్లడైతే మరణం నుంచి లెక్కిస్తారు. చిన్న వయసులో రాసినవారి కుటుంబానికి ఈ తేడా దశాబ్దాల మీద ఉంటుంది.

తండ్రి రాతప్రతులను నమోదు చేయించే వారసులు రచయిత గడిలో తమ పేరు పెట్టకూడదు. అక్కడ తండ్రి పేరు, మరణించిన తేదీ ఉండాలి. దరఖాస్తుదారుకు ఉన్న ఆసక్తి అన్నచోట వారసత్వం వల్ల హక్కుదారు అని రాసి, మిగతా వారసుల సమ్మతి జతచేయాలి.

ఫీజు కట్టాక

డైరీ నంబరు వస్తుంది. అదే మీ రసీదు, ముద్రించి దాచుకోండి. డబ్బు ఖాతాలోంచి పోయి నంబరు రాకపోతే వెంటనే రెండోసారి కట్టకుండా, లావాదేవీ నంబరుతో కార్యాలయానికి రాయండి. రచన మీద ఆసక్తి ఉన్నవారికి, లేదా మీ హక్కును కాదంటున్నవారికి, దరఖాస్తు పెట్టినట్టు మీరే నోటీసు పంపాలని 2013 నిబంధనలు చెబుతున్నాయి. సహరచయిత, ప్రచురణకర్త ఉన్నచోట దీన్ని మరవొద్దు.

ఆపైన 30 రోజులు అభ్యంతరాల కోసం ఆగుతారు. ఎవరైనా అభ్యంతరం చెబితే ఇద్దరి వాదనా వింటారు. ఎవరూ రాకపోతే పరిశీలనకు వెళుతుంది. లోపాలుంటే లేఖ వస్తుంది, అందులో ఇచ్చిన గడువులోపు జవాబు పంపాలి. ఈ లేఖ ఈమెయిల్లో స్పామ్ డబ్బాలో పడి, గడువు దాటిపోవడం జరుగుతుంటుంది. వారానికోసారి డైరీ నంబరుతో పోర్టల్లో స్థితి చూసుకోవడమే దానికి మందు. 30 రోజులన్నది అభ్యంతరాల గడువే తప్ప సర్టిఫికెట్ గడువు కాదు. నెలలు పట్టడం మామూలే.

చివరకు సర్టిఫికెట్‌గా వచ్చే రిజిస్టరు నకలులో సాహిత్య రచనల నంబరు ఇంగ్లీషు ఎల్ అక్షరంతో మొదలవుతుంది. పేర్ల స్పెల్లింగు, భాష, ప్రచురణ వివరాలు వెంటనే సరిచూసుకోండి. అప్రచురితంగా నమోదైన రచన తర్వాత అచ్చయినా, చిరునామా మారినా, హక్కులు మరొకరికి రాసిచ్చినా ఫారం 15తో మార్పు చేయించుకోవచ్చు. కథనే బాగా తిరగరాస్తే మాత్రం ఫారం 15 పనికిరాదు, కొత్త ప్రతికి మళ్లీ ఫారం 14 పెట్టాల్సిందే.