పేరు కొన్న చోటు వేరు, పేరు పలికే చోటు వేరు

"బాబూ, పేరుకి డబ్బులు కట్టేసాను కదా, సైటు రాదేటి?"

పర్లాకిమిడిలో మా కంప్యూటర్ షాపుకొచ్చి ఇలా అడిగారు, కొమ్ముతో బొమ్మలు చెక్కే పెద్దాయన. సైటుకి డాట్ ఇన్ పేరు ఒక కంపెనీలో కొన్నారు, హోస్టింగ్, అంటే సైటు ఉంచే జాగా, ఇంకో చోట తీసుకున్నారు. నేను పేరు కొన్న కంపెనీ ప్యానెల్ తెరిచి 'ఎ' (A) రికార్డులో, అంటే పేరు ఏ కంప్యూటర్‌కి వెళ్లాలో చెప్పే చోట, ఐపీ నంబరు దిద్దాను. సేవ్ అయింది, సైటు మాత్రం రాలేదు. మర్నాడు మధ్యాహ్నానికి గాని నాకు అర్థం కాలేదు. ఆ పేరుకి నేమ్‌సర్వర్లు, అంటే పేరు గురించి అడిగితే జవాబు చెప్పే కంప్యూటర్లు, ముందే హోస్టింగ్ కంపెనీవి పెట్టి ఉన్నాయి. నేను దిద్దిన చోటికి ఎవరూ వచ్చి అడగడం లేదు.

పొలం పట్టా మీ పేరునే ఉంటుంది, సాగు కౌలుదారు చేస్తాడు. ఇదీ అంతే. రిజిస్ట్రార్, అంటే పేరు అమ్మిన కంపెనీ, మీ పేరును, మీరిచ్చిన నేమ్‌సర్వర్లను ఆ రకం పేర్లన్నిటి చిట్టా ఉంచే రిజిస్ట్రీకి పంపుతాడు. డాట్ ఇన్‌కి ఆ రిజిస్ట్రీ నిక్సీ, డాట్ కామ్‌కి వెరిసైన్. వాళ్ల జోన్‌లో, అంటే రికార్డుల పట్టికలో, మీ పేరు పక్కన మీ నేమ్‌సర్వర్లేవో చెప్పే ఎన్‌ఎస్ రికార్డులు చేరతాయి. డెలిగేషన్ అంటే అదే. ఎవరైనా మీ సైటు తెరిస్తే వెతుకులాట అన్నిటికీ పైనున్న రూట్ సర్వర్ల నుంచి డాట్ ఇన్ సర్వర్లకి, అక్కడి నుంచి మీ నేమ్‌సర్వర్లకి వెళ్తుంది. దారిలో రిజిస్ట్రార్ ఎక్కడా తగలడు. చాలా కంపెనీలు పేరుతో పాటు సొంత నేమ్‌సర్వర్లు కూడా ఇస్తాయి కాబట్టే రెండూ ఒకటే అనిపిస్తుంది.

అందుకే దేన్నీ ముట్టుకోకముందు కంప్యూటర్‌లో ఎన్‌ఎస్‌లుకప్ (nslookup) అనే కమాండ్‌లో టైప్ ఎన్‌ఎస్ పెట్టి పేరు కొట్టండి. ఏ కంపెనీ సర్వర్లు కనిపిస్తే, రికార్డులు ఆ ప్యానెల్లోనే దిద్దాలి.

నేమ్‌సర్వర్లే మార్చాలంటే తొందరపడకండి. పాత చోట ఉన్న ప్రతి రికార్డునీ ముందుగా కొత్త చోట ఎక్కించాలి. సైటుకి కావలసినవి ఎవరైనా గుర్తుపెట్టుకుంటారు, మెయిల్‌కి కావలసిన ఎమ్‌ఎక్స్, టీఎక్స్‌టీ రికార్డులే జారిపోతాయి. ఒకసారి నేను ఎమ్‌ఎక్స్ మరిచిపోయి, ఒక పట్టుచీరల కొట్టుకి రావలసిన ఆర్డర్ల మెయిల్స్ రెండు రోజులు ఆగిపోయాయి. ఆ బాధ నాకింకా పోలేదు. ఎన్‌ఎస్‌లుకప్‌లో పేరు తర్వాత కొత్త సర్వర్ పేరు రాసి నేరుగా దాన్నే అడగండి. జవాబు సరిగ్గా వస్తేనే రిజిస్ట్రార్ దగ్గర కనీసం రెండు నేమ్‌సర్వర్లు మార్చండి. జవాబులు అసలువేనని సంతకంతో రుజువు చేసే డీఎన్‌ఎస్‌సెక్ వాడుతుంటే, ముందు రిజిస్ట్రీలో ఉన్న దాని డీఎస్ రికార్డు తీయించి, ఆ రికార్డు టీటీఎల్, అంటే మిగతా సర్వర్లు పాత జవాబు దాచుకునే గడువు, గడిచేదాకా ఆగండి. లేకపోతే చాలామందికి సైటు అసలు తెరుచుకోదు.

పాత జోన్‌ని వెంటనే చెరపకండి. డాట్ కామ్‌లో ఎన్‌ఎస్ రికార్డుల టీటీఎల్ 1,72,800 సెకన్లు, అంటే 2 రోజులు. అందాకా కొందరు పాత సర్వర్లనే అడుగుతుంటారు.

పేరు గడువు దాటితే డెలిగేషన్ కూడా పోతుంది, హోస్టింగ్‌కి ఏడాది డబ్బు ముందే కట్టినా సరే. పెద్దాయన సైటు పేరు ఎవరో తెలిసిన కుర్రాడి మెయిల్ మీద ఉంది. ఆ రోజే ఆయన సొంత మెయిల్‌కి మార్పించి, రెన్యువల్ తేదీ ఆయన కొట్లో క్యాలెండర్ మీద రాయించాను.