విదేశంలో ఆర్‌ అండ్‌ డీ ల్యాబ్ పెట్టే ఫార్మా కంపెనీ ఏం చేయాలి?

ముందు మీ దగ్గర లేనిదేమిటో తేల్చుకోండి. ‘అమెరికాలో మనకూ ఒక ల్యాబ్’ అనేది కారణం కాదు. మామూలు మాత్రల ఫార్ములేషన్ బాచుపల్లిలోనే చవగ్గా అవుతుంది. నెలకోసారి వేసే ఇంజెక్షన్లు, ఇన్‌హేలర్ల వంటివైతే నిపుణులున్న చోటికే పోవాలి. డాక్టర్ రెడ్డీస్ నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఉన్న ఆక్టోప్లస్ కంపెనీని కొన్నది అందుకే. ఖాళీ భవనం అద్దెకు తీసుకుని మనుషుల్ని వెతకొద్దు, నడుస్తున్న ల్యాబ్‌నే కొనండి. కీలక శాస్త్రవేత్తలను నిలిపే బోనస్ ఒప్పందాలు మాత్రం కొనుగోలు సంతకానికి ముందే అయిపోవాలి.

డబ్బు పంపడం తేలిక. ఏడీ బ్యాంకులో (విదేశీ మారకానికి ఆర్‌బీఐ అనుమతి ఉన్న బ్యాంకు) విదేశీ పెట్టుబడి ఫారం ఎఫ్‌సీ ఇచ్చి, ఆ పెట్టుబడికి యూఐఎన్ అనే గుర్తింపు సంఖ్య వచ్చాక డబ్బు పంపడమే. ఏటా డిసెంబరు 31లోగా ఏపీఆర్, అంటే ఆ విదేశీ కంపెనీ వార్షిక పనితీరు నివేదిక. మీ సీఏకి వదిలేయండి.

కొంప ముంచేది పేటెంటు. ఆవిష్కర్తల్లో ఒకరు హైదరాబాద్‌లో, ఒకరు న్యూజెర్సీలో ఉన్నారనుకోండి. మన పేటెంట్ చట్టం సెక్షన్ 39 ప్రకారం ఇక్కడ నివసించేవారు విదేశంలో ఫైల్ చేయాలంటే ముందు ఇక్కడ ఫైల్ చేసి ఆరు వారాలు ఆగాలి, లేదా ఫారం 25తో అనుమతి తీసుకోవాలి. అమెరికాలో పుట్టిన ఆవిష్కరణను బయట ఫైల్ చేయాలంటే వాళ్ల పేటెంట్ ఆఫీసు లైసెన్సు కావాలి, లేదా అక్కడ ఫైల్ చేసి ఆరు నెలలు ఆగాలి. అందుకే రెండు చోట్లా అనుమతి ఒకే రోజు అడగండి. ఫారం 25కి మామూలుగా 21 రోజులు. రెండు కాగితాలూ చేతికొచ్చేదాకా ఎక్కడా ఫైల్ చేయొద్దు.

జరిగేదేమిటంటే, అమెరికా లాయరు హడావిడిగా అక్కడ ప్రొవిజనల్ (తాత్కాలిక పేటెంటు దరఖాస్తు) వేసేస్తారు, హైదరాబాద్ ఆవిష్కర్త పేరు తర్వాత చేరుస్తారు. సెక్షన్ 40 కింద ఇక్కడి దరఖాస్తు వదిలేసినట్టే లెక్క. మంజూరైన పేటెంటూ రద్దుకు గురికావచ్చు. ప్రత్యర్థి ఈ లోపాన్ని కోర్టులో బయటికి తీసేదాకా ఎవరికీ గుర్తుండదు.

పాస్‌పోర్టు చూసి మోసపోవద్దు, చూడాల్సింది నివాసం. న్యూజెర్సీలో స్థిరపడ్డ తెలుగాయనకు సెక్షన్ 39 వర్తించదు. ఏడాదికని హైదరాబాద్ వచ్చిన అమెరికన్‌కు వర్తించవచ్చు. పేటెంట్ చట్టంలో నిర్వచనం లేదు కనుక ఇన్‌కంటాక్స్ 182 రోజుల లెక్కనే వాడుతుంటారు. ల్యాబ్ నోట్‌బుక్ ప్రతి పేజీలో తేదీతోపాటు ఊరి పేరూ రాయించండి. ఆవిష్కరణ వివరాలు కంపెనీకి తెలిపే డిస్‌క్లోజర్ ఫారంలో ‘ఆ రోజు ఎక్కడున్నారు?’ అనే గడి తప్పనిసరి.

నియామక పత్రాల్లో ఆవిష్కరణల హక్కులను ‘ఇందుమూలంగా బదలాయిస్తున్నాను’ అనే ఉండాలి. అది హక్కును అప్పుడే ఇచ్చేస్తుంది, ‘బదలాయిస్తాను’ అనేది మాట ఇవ్వడం మాత్రమే. ‘బదలాయిస్తానని ఒప్పుకుంటున్నాను’ అని ఉద్యోగితో రాయించుకున్న స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ 2011లో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లి ఫార్మా కంపెనీ రోష్ చేతిలో ఓడింది. కొన్న కంపెనీ పాత పత్రాలన్నీ ఒక్కొక్కటిగా తిరగేసి, ఆ మాట లేనిచోట కొత్తగా సంతకాలు పెట్టించండి. ఉద్యోగం మానేసినవాళ్ల సంతకాలు అమ్మినవాళ్లే తెచ్చివ్వాలని ఒప్పందంలోనే రాయండి.