హెడర్ వేశాక పొల్యూషన్ టెస్ట్ ఫెయిలైందా? పాత పెట్రోల్ కార్లకు సమస్య – పరిష్కారం

పెట్రోల్ బంక్ పక్కన ఆగి ఉండే పొల్యూషన్ వ్యాన్‌లో కుర్రాడు ప్రోబ్ సైలెన్సర్‌లో దూర్చి, స్క్రీన్ చూసి, "ఇంకోసారి పెడదాం సార్" అన్నాడంటే పని చెడినట్టే. నా 2006 మారుతి ఎస్టీమ్‌కు కొత్త హెడర్ (ఇంజిన్ నుంచి పొగ తెచ్చే కంపెనీ మానిఫోల్డ్ బదులు వేసే పైపుల సెట్) బిగించిన వారానికే ఆ మాట విన్నాను. సీఓ (కార్బన్ మోనాక్సైడ్) 1.8 శాతం వచ్చింది. హెడర్ అమ్మినాయన ఫోన్‌లో తేల్చేశాడు: "మిషన్ తప్పు సార్. లేదంటే క్యాట్ పీకేయండి, బండి గాల్లో పోతది."

మిషన్ తప్పు కాదు. క్యాట్ (పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్) పీకాల్సిన పనీ లేదు. తప్పంతా నేను హెడర్ ఎంచుకున్న తీరులో, దాన్ని బిగించిన తీరులో ఉంది.

ముందు మీ బండి ఏ బీఎస్ (భారత్ స్టేజ్, అంటే ప్రభుత్వ పొగ ప్రమాణం) లెక్కలోకి వస్తుందో చూసుకోండి. ఐడిల్‌లో (బండి ఆగి ఇంజిన్ నడుస్తుండగా) బీఎస్-2, బీఎస్-3 కార్లకు సీఓ 0.5 శాతం, హెచ్‌సీ (కాలకుండా మిగిలిన పెట్రోల్, హైడ్రోకార్బన్లు) 750 పీపీఎం దాటకూడదు. బీఎస్-4కు 0.3, 200. బీఎస్-2కు ముందు వాటికి 3 శాతం, 1500. హైదరాబాద్‌లో బీఎస్-3 ఏప్రిల్ 2005లో, బీఎస్-4 ఏప్రిల్ 2010లో వచ్చాయి. కాబట్టి ఆర్‌సీలో తయారీ నెల చూస్తే చాలావరకు తేలిపోతుంది.

సమస్య: సీఓ ఎక్కువ, మైలేజీ తగ్గింది, పొద్దున స్టార్ట్ చేయగానే టిక్ టిక్ శబ్దం

ఆ టిక్ టిక్ ఇంజిన్ వేడెక్కాక ఆగిపోతుంది. అందుకే చాలామంది ట్యాపెట్ శబ్దం అనుకుని వదిలేస్తారు. నిజానికి అది ఇంజిన్ హెడ్‌కూ హెడర్ ఫ్లాంజ్‌కూ (హెడ్‌కు బిగించే పలకకూ) మధ్య సందు. లోహం వేడికి సాగి సందు కాస్త మూసుకుంటుంది, శబ్దం పోతుంది.

సందులోంచి పొగ బయటికి పోతే సీఓ ఎందుకు పెరగాలి? నాకూ మొదట బుర్రకెక్కలేదు. పైపులో పొగ ఒకే ధారగా పోదు, దఫదఫాలుగా పోతుంది. ఒక్కో దఫా వెళ్లగానే వెనక ఒత్తిడి క్షణకాలం బయటి గాలి ఒత్తిడి కంటే పడిపోతుంది. అప్పుడు సందులోంచి గాలి లోపలికి దూరుతుంది. ఆక్సిజన్ సెన్సర్‌కు ఆ గాలి తగిలి, పెట్రోల్ చాలడం లేదని ఈసీఎంకు (ఇంజిన్ కంప్యూటర్‌కు) చెబుతుంది. ఈసీఎం పెట్రోల్ పెంచుతుంది. సెన్సర్‌ది అబద్ధం కాదు, చూసింది చెప్పింది, అంతే.

పట్టుకోవడం తేలిక. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు వ్యాక్యూమ్ క్లీనర్ గాలి ఊదే వైపు గొట్టాన్ని గుడ్డ చుట్టి సైలెన్సర్ మూతిలో పెట్టండి. ఫ్లాంజ్ చుట్టూ, జాయింట్ల మీద సబ్బునీళ్లు చల్లండి. నా బండికి మూడో సిలిండర్ కింద పంక్చర్ షాపు ట్యూబ్‌లా బుడగలు వచ్చాయి. హెడర్ విప్పి చూస్తే ప్యాకింగ్ (గ్యాస్కెట్) మీద అక్కడే నల్లటి మసి చార.

పరిష్కారం ప్యాకింగ్ మార్చడం ఒక్కటే కాదు. ఫ్లాంజ్ మీద స్టీలు స్కేలు నిలబెట్టి కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచని రేకులు) దూర్చండి. నాది చవక రకం, ఫ్లాంజ్ పలచన, వెల్డింగ్ వేడికే వంగింది. లేత్ షాపులో ఫేసింగ్ కొట్టించి చదును చేయించాను. కొనేటప్పుడే 8 మి.మీ. కంటే పలచని ఫ్లాంజ్ ఉన్నది వద్దనండి. నట్లు మధ్య నుంచి చివరలకు బిగించాలి. రెండు మూడు సార్లు వేడెక్కి చల్లారాక మళ్లీ బిగించాలి. మా ఉస్తాద్ అలవాటు కొద్దీ సిలికాన్ పేస్ట్ తీశాడు, ఆపాను. మామూలు సిలికాన్ ఆవిరి ఆక్సిజన్ సెన్సర్‌ను పాడుచేస్తుంది.

సమస్య: లీకు లేదు, రోడ్డు మీద బాగుంది, ఐడిల్‌లోనే సీఓ పెరుగుతోంది

సెన్సర్ ఎక్కడుందో చూడండి. కంపెనీ మానిఫోల్డ్‌లో అది ఇంజిన్‌కు దగ్గర, హెడర్‌లో నాలుగు పైపులు కలిసే చోట, అంటే చాలా కింద. సెన్సర్ సుమారు 300 డిగ్రీలు దాటితే గానీ పనిచేయదు. ఒక్క వైరు సెన్సర్‌కు సొంత హీటర్ ఉండదు. సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు ఆగితే చల్లబడి మూగబోతుంది, ఈసీఎం అంచనాతో పెట్రోల్ పోస్తుంది. హీటర్ ఉన్న మూడు, నాలుగు వైర్ల సెన్సర్ వేసి, హీటర్‌కు రిలే ద్వారా కరెంటు ఇవ్వాలి. సెన్సర్ బుష్ (సెన్సర్‌ను బిగించే మరల రంధ్రం) పైపు పక్కనో పైనో ఉండాలి. కింది వైపు ఉంటే నీరు చేరి సెన్సర్ పోతుంది.

సమస్య: సీఓ, హెచ్‌సీ రెండూ ఎక్కువ

క్యాట్ పోయి ఉండాలి, లేదా వేడెక్కడం లేదు. క్యాట్ పని మొదలుపెట్టడానికి 250–300 డిగ్రీలు కావాలి. పోత ఇనుము మానిఫోల్డ్ తీసి పొడవాటి పలచని పైపులు వేస్తే దారిలోనే వేడి పోతుంది. టెస్ట్‌కు ముందు పావుగంట బండి నడిపి, ఇంజిన్ ఆపకుండా వెళ్లండి. ఇది మోసం కాదు, టెస్ట్ చేయాల్సిందే వేడి ఇంజిన్ మీద.

అసలు హెడర్ కొనాలా వద్దా అన్నది ఇక్కడే తేలుతుంది. బండి కిందికి వంగి చూడండి. క్యాట్ ఫ్లోర్ కింద విడిగా ఉంటే హెడర్ గురించి ఆలోచించవచ్చు. మానిఫోల్డ్‌కే అతికి ఉంటే హెడర్ అంటే క్యాట్‌ను తీసేయడమే. అక్కడితో ఆపేయండి. ఏప్రిల్ 2013 తర్వాతి కార్లలో క్యాట్‌ను కాపలా కాసే రెండో సెన్సర్ కూడా ఉంటుంది. పీ0420 కోడ్ (క్యాట్ సరిగా పనిచేయడం లేదనే హెచ్చరిక) వచ్చి ఇంజిన్ లైటు వెలిగితే, ఆ సెన్సర్ కింద స్పేసర్ (ఎత్తు పెంచే ముక్క) పెట్టి లైటు ఆర్పే చిట్కా చెబుతారు. లైటు ఆరుతుంది, పొగ మారదు.

సమస్య: ఫ్లైఓవర్ ఎక్కుతుంటే దమ్ము లేదు

పైపు లావెక్కువ, లేదా 4-1 హెడర్ (నాలుగు పైపులు ఒకేసారి ఒకటయ్యేది). అది పై ఆర్‌పీఎంలో పనికొస్తుంది. పంజాగుట్ట ట్రాఫిక్‌లో నడిచే బండికి 4-2-1 (నాలుగు రెండై, రెండు ఒకటయ్యేది) నయం. ఇంకో మాట: హెడర్ కొనేటప్పుడు మాగ్నెట్ అంటుకుంటే స్టెయిన్‌లెస్ కాదని కొట్టిపారేయకండి. కంపెనీ సైలెన్సర్లలో వాడే 409 రకం స్టెయిన్‌లెస్‌కు మాగ్నెట్ అంటుకుంటుంది, 304కు దాదాపు అంటుకోదు.

సమస్య: "ఇది లీగల్ పీస్ సార్" అన్నారు, నమ్మాలా?

దిగుమతి హెడర్ల మీద ఈఓ (ఎగ్జిక్యూటివ్ ఆర్డర్) నంబరు స్టిక్కర్ చూపిస్తారు. అది కాలిఫోర్నియా ఎయిర్ రిసోర్సెస్ బోర్డ్ ఇచ్చేది. ఖైరతాబాద్ ఆర్టీఏలో దానికి విలువ లేదు. పొల్యూషన్ సర్టిఫికెట్ వచ్చినంత మాత్రాన మార్పుకు అనుమతి వచ్చినట్టు కూడా కాదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఆర్‌సీలోని వివరాలకు తేడా వచ్చే మార్పులను ఒప్పుకోదు. 182ఏ(4) కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. పొగ, శబ్దం హద్దు దాటితే 190(2) కింద తొలిసారి 10,000 వరకు జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. కొనకముందే ఆర్టీఏలో రాసిచ్చి అడగండి, ఇన్సూరెన్స్ వాళ్లకూ చెప్పండి. నేను కొన్నాక అడిగాను, అది తప్పు వరస.

ఫేసింగ్ కొట్టించి, ప్యాకింగ్, సెన్సర్ మార్చాక అదే వ్యాన్ దగ్గరికి వెళ్తే సీఓ 0.2 చూపించింది. పాత మానిఫోల్డ్ మాత్రం స్టడ్లతో సహా గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టాను. ఆర్టీఏ వద్దంటే ఒక్క పూటలో బిగించాల్సింది దాన్నే కాబట్టి, పాత సామాన్లవాడికి వేయొద్దని ఇంట్లో రెండుసార్లు చెప్పాను.