యాపాన్ హాలీ నాటబోతున్నారా? ముందు ఇవి చూసుకోండి

టెక్సస్‌లో ఎండలు తగ్గి అక్టోబర్ వచ్చిందంటే మొక్కలు నాటే రోజులు వచ్చినట్టే. హ్యూస్టన్, ఆస్టిన్ వైపు ఇల్లు కొనుక్కున్న మనవాళ్లు వాకిట్లోకి ఏడాదంతా పచ్చగా ఉండే పొద కావాలని అడిగితే, నర్సరీవాళ్లు చూపించేవాటిలో యాపాన్ హాలీ తప్పకుండా ఉంటుంది. ఇది ఇక్కడి నేలలో పుట్టిన మొక్కే. వేళ్లూనుకున్నాక ఎండకీ చలికీ తట్టుకుంటుంది. మొక్క గురించి టెన్షన్ అక్కర్లేదు, చూసుకోవాల్సింది ఇంట్లోవాళ్లని.

ఈ జాతిలో ఆడ, మగ మొక్కలు వేరు. ఆడమొక్కకి చలికాలంలో బఠాణీ అంత ఎర్రటి పండ్లు గుత్తులుగా కాస్తాయి. పిట్టలకి అవి విందు, మనకి మాత్రం వాంతులు, విరేచనాలు. కుక్కలకీ అంతే. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మా తాతయ్యలకి ఈ సంగతి మొదటిరోజే చెప్పండి. చిన్నప్పుడు చెట్ల మీది పండ్లు కోసుకు తిన్న చేతులు వాళ్లవి, మనవడికి ఒకటి అందించరని నమ్మకం లేదు. పసిపిల్లలుంటే ‘షిల్లింగ్స్’ అనే పొట్టి రకం కొనండి. అది మగది, కాయదు.

ఎవరైనా మింగితే మన పాత చిట్కా ప్రకారం ఉప్పునీళ్లు తాగించి కక్కించొద్దు, అదే ఎక్కువ ప్రమాదం. నోరు కడిగి పాయిజన్ కంట్రోల్‌కి 1-800-222-1222 నంబరులో ఫోన్ చేయండి. మనిషి స్పృహ తప్పినా, ఊపిరి ఆడకపోయినా 911కే.

ఆకుల్లో కెఫీన్ ఉంటుంది. ఇక్కడి మూలవాసులు వాటిని వేయించి కాచుకుని తాగేవారు, ఇప్పుడు ప్యాకెట్లలోనూ అమ్ముతున్నారు. టీ మీద మోజుంటే ఆ ప్యాకెట్టే కొనుక్కోండి. కంచెల్లో పెరిగే ప్రివెట్ చూడ్డానికి ఇలాగే ఉంటుంది, అది విషం. ప్రివెట్ ఆకులు జంటగా ఎదురెదురుగా వస్తాయి, అంచులు నున్నగా ఉంటాయి. యాపాన్ ఆకులు ఒకటి విడిచి ఒకటి వస్తాయి, అంచున చిన్న గాట్లుంటాయి.

పార పట్టే ముందు 811కి ఫోన్ చేయండి. కనీసం రెండు పనిదినాల ముందు చెబితే గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో ఉచితంగా గుర్తు పెట్టి వెళతారు. గొయ్యి మొక్క వేళ్లతో వచ్చే మట్టిముద్ద ఎత్తుకి మించి లోతు తవ్వొద్దు. మల్చ్, అంటే మొదలు చుట్టూ నేల మీద పరిచే చెక్కపొట్టులాంటిది, కాండానికి ఆనించొద్దు, కాండం కుళ్లుతుంది. మొదటి వేసవి నీళ్లు మానొద్దు.

లేబుల్ మీద పొట్టి రకమో కాదో చూడండి. మామూలు యాపాన్ 15 నుంచి 25 అడుగులు పెరుగుతుంది. కిటికీ కింద నాటితే ఏటా కత్తెర పట్టుకుని దానితో కుస్తీనే.