కొత్త సంవత్సరపు ఆరోగ్య లక్ష్యాలు మార్చి దాటాలంటే

కొత్త సంవత్సరం పేరుతో మొదలుపెట్టిన వ్యాయామం మూన్నాళ్ల ముచ్చటగా ముగిసినప్పుడు చాలామంది తమ సంకల్పబలాన్నే నిందించుకుంటారు. లోపం ఎక్కువసార్లు లక్ష్యాన్ని రాసుకున్న తీరులోనే ఉంటుంది. డిసెంబరు చివరి వారంలో, సెలవుల మధ్య, ఒత్తిడి లేని వేళ ఎంత చేయగలమని అనిపిస్తే అంతా కాగితం మీద పెట్టేస్తాం. దానిని అమలు చేయవలసింది మాత్రం ఫిబ్రవరిలో పని ఆలస్యమై, నిద్ర చాలక, జలుబుతో ముక్కు దిబ్బడ వేసి ఇల్లు చేరిన మనిషి. లక్ష్యం నిలవాలంటే దానిని ఆ ఫిబ్రవరి మనిషి కొలతకే కుట్టాలి.

అలాగని జనవరి ఉత్సాహాన్ని ఆరంభశూరత్వమని కొట్టిపారేయనక్కరలేదు. కొత్త వారం, కొత్త నెల, కొత్త సంవత్సరం, పుట్టినరోజు వంటి మలుపుల తర్వాత మనుషులు వ్యాయామం వైపు ఎక్కువగా మొగ్గుతారని 2014లో హెంగ్‌చెన్ దాయ్, క్యాథరీన్ మిల్క్‌మన్, జేసన్ రీస్ ప్రచురించిన పరిశోధనలో తేలింది. ఆ ఊపు పని మొదలుపెట్టడానికి బాగా ఉపయోగపడుతుంది కానీ, ఎంత చేయాలో నిర్ణయించడానికి పనికిరాదు. అందుకని లక్ష్యం రాసే ముందు గడిచిన రెండు వారాలను ఒకసారి తిరగేయండి. ఏ రోజున ఎన్ని గంటలకు పడుకున్నారో, ఎంత నడిచారో, ఏ పూట కాస్త తీరిక దొరికిందో ఫోనులోని అడుగుల లెక్కను, మీ జ్ఞాపకాన్ని కలిపి రాసుకుంటే అరగంటలో తేలిపోతుంది. ఆ పద్నాలుగు రోజుల్లో అన్నిటికంటే ఊపిరి సలపని రోజు ఏదో గుర్తించి, ఆ రోజున కూడా చేయగలిగి ఉండేది ఎంతో నిజాయతీగా అంచనా వేయండి. మీ లక్ష్యానికి పునాది అదే.

తరువాత చేయవలసింది ఫలితాన్ని పనిగా మార్చడం. ‘పది కిలోలు తగ్గాలి’ అన్న మాటలో రేపు ఉదయం ఏమి చేయాలో ఎక్కడా లేదు. పైగా బరువు పూర్తిగా మన చేతిలో ఉండే విషయం కాదు. ఒంట్లోని నీరు, తిన్న ఉప్పు, కడుపులో ఉన్న ఆహారం మారినంత మాత్రాన ఒక రోజు నుంచి మరో రోజుకు కిలో వరకు తేడా రావచ్చు. వారమంతా శ్రద్ధగా నడిచిన మనిషికి ఆదివారం నాడు బరువు చూసే యంత్రం అరకిలో ఎక్కువ చూపించిందంటే సోమవారం నడక అక్కడితో ఆగిపోతుంది. బరువును దిశగా మాత్రమే ఉంచుకోండి. అధిక బరువు ఉన్నవారు ప్రస్తుత బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా రక్తపోటు, రక్తంలోని చక్కెర మెరుగుపడే అవకాశం ఉంది. 80 కిలోల వ్యక్తికి అది 4 నుంచి 8 కిలోలు. వారానికి అరకిలో నుంచి కిలో వరకు తగ్గడాన్ని సాధారణంగా సురక్షితమైన వేగంగా చెబుతారు. కాగితం మీద లక్ష్యంగా రాయవలసింది మాత్రం మీరు చేసే పనినే.

ఆ పనిని మానేసేదిగా కాక, చేసేదిగా రాయడం మేలు. స్వీడన్‌లో వెయ్యిమందికి పైగా వ్యక్తుల నూతన సంవత్సర తీర్మానాలను ఏడాది పొడవునా గమనించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, ఏదైనా కొత్తగా చేస్తామని తీర్మానించుకున్నవారిలో సుమారు 59 శాతం, ఏదైనా మానేస్తామని తీర్మానించుకున్నవారిలో సుమారు 47 శాతం తాము సఫలమయ్యామని చెప్పారు. ఇవి పాల్గొన్నవారు స్వయంగా చెప్పుకున్న లెక్కలే అయినా, ఆ సూచన ఆచరణకు పనికొచ్చేదే. ‘తీపి ముట్టను’ అని రాసుకుంటే రోజంతా తీపి గురించే ఆలోచించాలి. ‘సాయంత్రం ఆకలి వేసినప్పుడు ముందు ఒక పండు తింటాను’ అని రాసుకుంటే చేతికి ఒక పని దొరుకుతుంది. ఆహారం విషయంలో కొలత కావాలనుకునేవారికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనలు చాలు: పెద్దలకు రోజుకు కనీసం 400 గ్రాముల పండ్లు, కూరగాయలు, 5 గ్రాములకు మించని ఉప్పు.

వ్యాయామం ఎంత అన్న ప్రశ్నకూ ఆ సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాలే ఆధారం. పెద్దలు వారానికి 150 నుంచి 300 నిమిషాలు మధ్యస్థ శ్రమ గాని, 75 నుంచి 150 నిమిషాలు తీవ్ర శ్రమ గాని చేయాలి. దానితోపాటు వారానికి కనీసం రెండు రోజులు ప్రధాన కండరాలన్నిటికీ బలాన్నిచ్చే వ్యాయామం చేయాలి. మాట్లాడగలుగుతూ పాట మాత్రం పాడలేకపోతే అది మధ్యస్థ శ్రమ. నాలుగు మాటలకే ఊపిరి అందకపోతే తీవ్ర శ్రమ. అందరి నోటా వినిపించే రోజుకు పదివేల అడుగుల లెక్క మాత్రం వైద్య పరిశోధన నుంచి పుట్టినది కాదు. 1960లలో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల మీటరు పేరుతో అది ప్రచారంలోకి వచ్చింది. అంతకంటే తక్కువ అడుగులకు కూడా ప్రయోజనం ఉంది కాబట్టి, ఇప్పుడు మూడు వేలు నడిచేవారు నాలుగు వేలకు చేరితే దానిని తక్కువగా చూడకూడదు.

పై అంకెలన్నీ చేరుకోవలసిన గమ్యానికి సంబంధించినవి. వాటిని మొదటి వారంలోనే అందుకోవాలని పట్టుపట్టడమే పెద్ద ప్రమాదం. ఒక్కొక్క పనికీ రెండు కొలతలు పెట్టుకోవాలని నా సూచన. ఒకటి మామూలు రోజుది, రెండవది గడ్డు రోజుది. మామూలు రోజున అరగంట నడక అయితే, గడ్డు రోజున ఐదు నిమిషాల నడక. ఆ ఐదు నిమిషాల వల్ల శరీరానికి ఒరిగేది కొంచెమే అయినా, ఆ వేళకు బూట్లు తొడుక్కుని గుమ్మం దాటే అలవాటు తెగిపోకుండా ఉంటుంది. గడ్డు రోజు కొలత రాసేటప్పుడు మొహమాటపడకండి. ఇతరులకు చెబితే నవ్వుతారేమో అనిపించేంత చిన్నదిగా ఉంటేనే అది సరైన కొలత.

వేళను, చోటును కూడా అదే వాక్యంలో చేర్చండి. ‘ఫలానా సందర్భం రాగానే ఫలానా పని చేస్తాను’ అని ముందే నిర్ణయించుకున్నవారు తమ ఉద్దేశాలను ఎక్కువగా నెరవేరుస్తారని మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ 1990ల నుంచి చేసిన పరిశోధనలు చూపాయి. ‘రోజూ నడుస్తాను’ అన్నది ఈ లెక్కన అసంపూర్ణ వాక్యం. ‘రాత్రి భోజనం ముగించి, కంచం కడిగి బోర్లించగానే, తలుపు దగ్గరే ఉంచిన బూట్లు వేసుకుని వీధి చివరి వరకు వెళ్లి వస్తాను’ అన్నది పూర్తి వాక్యం. గడియారంలోని సమయం కంటే రోజూ తప్పకుండా జరిగే ఒక పనికి ముడిపెట్టడం నయం, ఎందుకంటే భోజనం ఎనిమిదికి అయినా తొమ్మిదిన్నరకు అయినా కంచం కడగడం మాత్రం తప్పదు. వర్షం పడితే ఏమిటన్నది కూడా ఇప్పుడే రాసిపెట్టుకోండి: వర్షం పడితే ఇంట్లోనే కుర్చీలో నుంచి పదిసార్లు లేచి కూర్చుంటాను.

ఈ కుర్చీ వ్యాయామాన్ని ఊరికే ప్రస్తావించలేదు. లక్ష్యాలు రాసుకునేటప్పుడు నడకకు దక్కే గౌరవం కండరాల బలానికి దక్కదు. వయసుతోపాటు కండరం క్రమంగా తగ్గుతుంది. మెట్లెక్కడం, నేల మీద నుంచి లేవడం, సామాను మోయడం వంటి పనులు కష్టమవడంలో ఆ క్షీణతకు పెద్ద పాత్ర ఉంది. దీనికి పరికరాలేమీ అక్కరలేదు. గోడకు బలంగా ఆనించిన, చక్రాలు లేని కుర్చీ అంచున కూర్చుని, పాదాలు నేలకు పూర్తిగా ఆనించి, చేతులు ఛాతీ మీద కట్టుకుని, కాస్త ముందుకు వంగి మెల్లగా లేవాలి. తిరిగి కూర్చునేటప్పుడు ధబీమని పడకుండా, మూడు అంకెలు లెక్కపెట్టేంత నెమ్మదిగా దిగాలి. తొడలు పనిచేసేది ఈ దిగడంలోనే ఎక్కువగా తెలుస్తుంది. గోడకు ఎదురుగా చేయి చాచినంత దూరంలో నిలబడి, అరచేతులు ఆనించి, మోచేతులు వంచి ముందుకు వాలి వెనక్కి రావడం పై శరీరానికి సరిపోతుంది. మొదటి కొన్ని వారాల్లో పెరిగే బలం చాలావరకు నాడులు కండరాలను మెరుగ్గా పనిచేయించడం వల్ల వచ్చేది కాబట్టి, అద్దంలో తేడా కనిపించలేదని నిరాశపడవద్దు.

కొత్త వ్యాయామం చేసిన మరునాటి నుంచి రెండు మూడు రోజులపాటు కండరాలు నొప్పిగా ఉండడం సహజం. కీలులో గుచ్చినట్టు ఉండే నొప్పి, వాపు మాత్రం వేరు. అవి కనిపిస్తే ఆపి చూపించుకోవాలి. ఒకేసారి సమయాన్ని, వేగాన్ని, రోజుల సంఖ్యను పెంచకండి. కండరం కంటే దానిని ఎముకకు కలిపి ఉంచే స్నాయుబంధనాలు నెమ్మదిగా గట్టిపడతాయి కనుక, ఊపిరి సహకరిస్తోంది కదా అని పరుగు పెంచేవారికి మడమలు, మోకాళ్లు మొరాయిస్తాయి. గుండె జబ్బు, మధుమేహం, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారు, గర్భిణులు మొదలుపెట్టే ముందే వైద్యులతో మాట్లాడాలి. ఇన్సులిన్ తీసుకునేవారికి వ్యాయామం వల్ల చక్కెర మరీ పడిపోయే అవకాశం ఉంటుంది. శ్రమ పడుతున్నప్పుడు ఛాతీలో నొప్పి గాని, బిగపట్టినట్టు గాని ఉంటే వెంటనే ఆగి వైద్య సహాయం తీసుకోవాలి.

నిద్ర గురించి ఒక్క మాట చాలు: రోజుకు ఏడు గంటలైనా నిద్ర లేనివారు కొత్త వ్యాయామం కంటే ముందు పడుకునే వేళనే మొదటి లక్ష్యంగా పెట్టుకోవాలి.

అలవాటు కుదరడానికి 21 రోజులు చాలునన్న ప్రచారాన్ని నమ్మి లెక్క వేసుకుంటే 22వ రోజున నిరుత్సాహం తప్పదు. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని గమనించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఒక పని అలవాటుగా స్థిరపడడానికి పట్టిన కాలపు మధ్యస్థ విలువ 66 రోజులు. వ్యక్తిని బట్టి, పనిని బట్టి అది 18 నుంచి 254 రోజుల వరకు ఉంది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన నష్టమేమీ కనిపించలేదు. జనవరి 1న మొదలుపెడితే 66వ రోజు మార్చి మొదటి వారంలో వస్తుంది. కాబట్టి ఒకటి రెండు పనులకు మించి పెట్టుకోకుండా, గోడ క్యాలెండరులో మామూలు కొలత పూర్తయిన రోజుకు గుండ్రని గుర్తు, గడ్డు రోజు కొలతకు చిన్న చుక్క పెడుతూ అప్పటివరకు సాగండి. మార్చి మొదటి వారంలో ఆ క్యాలెండరును ముందు పెట్టుకుని చూడండి. గుండ్రని గుర్తులు ఎక్కువగా ఉంటే సమయాన్ని మరో ఐదు నిమిషాలు పెంచండి లేదా రెండవ పనిని చేర్చండి. చుక్కలే ఎక్కువగా ఉంటే మామూలు కొలతను తగ్గించండి. వారం వారం ఒకే రోజు పదే పదే ఖాళీగా కనిపిస్తే ఆ రోజు వేళను మార్చండి. జబ్బు వల్లనో, ప్రయాణం వల్లనో రెండు వారాలు పూర్తిగా తప్పిపోయి ఉంటే ఆపిన చోట నుంచి కాక గడ్డు రోజు కొలతతో మళ్లీ మొదలుపెట్టి, వారం తర్వాత మామూలు కొలతకు రండి. పోయిన రోజుల బాకీ తీర్చాలని ఒకే రోజు రెట్టింపు చేయకండి.