శిఖరం చూసి గుడి శైలి పట్టడం

పెద్ద గుడికి వెళ్తే గోడ పక్కనే నిలబడి తల ఎత్తుతాం. మెడ నొప్పే తప్ప శిఖరం ఆకారం అర్థం కాదు. శిఖరం ఎత్తుకు సుమారు రెండింతల దూరం వెనక్కి జరగండి. తంజావూరు బృహదీశ్వరాలయ విమానం (దక్షిణాదిన గర్భగుడి మీది శిఖరాన్ని ఇలా అంటారు) 60 మీటర్లకు పైనే, అంటే కనీసం 120 మీటర్లు. అంత చోటు లేకపోతే మూలకు వెళ్లి ఐమూలగా చూడండి.

ఇప్పుడు అంచు గీత గమనించండి. కింది నుంచి పైకి ఒకే వంపుగా లోపలికి తిరిగి, కొసన ఉసిరికాయలా చారలున్న గుండ్రటి రాయి ఉంటే అది ఉత్తరాది పద్ధతి, నాగర శైలి. భువనేశ్వర్ లింగరాజ ఆలయంలో ఆ రాయి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మెట్లు మెట్లుగా అంతస్తులు తగ్గుతూ పోయి పైన గుమ్మటం లాంటిది ఉంటే దక్షిణాది పద్ధతి, ద్రావిడం. కర్ణాటకలోని పట్టదకల్లులో రెండూ దగ్గర దగ్గరే ఉన్నాయి: విరూపాక్షాలయం ద్రావిడం, గళగనాథాలయం నాగరం. కన్ను అలవాటు పడటానికి చాలా మంచి చోటు. జైన గుళ్లకూ ఇదే పద్ధతి. రాజస్థాన్‌లోని రాణక్‌పూర్‌లో నాగర శిఖరాలు, కర్ణాటకలోని శ్రవణబెళగొళ చంద్రగిరి కొండ మీద ద్రావిడ విమానాలు.

ఒక్క జాగ్రత్త. చూడాల్సింది గర్భగుడి మీది శిఖరాన్ని, ప్రాకార ద్వారం మీది గోపురాన్ని కాదు. కర్ణాటకలో సోమనాథపురం లాంటి హొయసల రాజుల కాలం నాటి గుళ్లలో రెండు శైలులూ కలిసిపోతాయి, అక్కడ ఈ చిట్కా పనిచేయదు.