హైదరాబాద్ నుంచి దుబాయ్: విమాన దూరాన్ని, ప్రయాణ సమయాన్ని మీరే లెక్క కట్టుకోవడం ఎలా

టికెట్ మీద ఉన్న రెండు వేళల్లో ఒకదాన్నుంచి మరొకటి తీసివేసి, అదే ప్రయాణ సమయమని అనుకోవడం మన ఇళ్లలో తరచుగా జరిగే పొరపాటు. బయలుదేరే వేళ హైదరాబాద్ గడియారం ప్రకారమూ, చేరే వేళ దుబాయ్ గడియారం ప్రకారమూ ఉంటాయి. అందువల్ల ముందు దూరం, ఆ తర్వాత సమయం, చివరికి గడియారాల తేడా అనే వరుసలో లెక్క కట్టాలి.

దూరానికి ఒక అట్లాసు, హైస్కూలు లెక్కలు చాలు. శంషాబాద్ విమానాశ్రయం సుమారు 17.2 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.4 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉండగా, దుబాయ్ విమానాశ్రయం సుమారు 25.2, 55.4 డిగ్రీల వద్ద ఉంది. అంటే అక్షాంశాల తేడా 8, రేఖాంశాల తేడా 23 డిగ్రీలు. అక్షాంశం ఒక డిగ్రీ ఎక్కడైనా దాదాపు 111 కిలోమీటర్లే గానీ, రేఖాంశం డిగ్రీ మాత్రం ధ్రువాల వైపు పోయేకొద్దీ కుంచించుకుపోతుంది. ఈ రెండు నగరాలకు నడుమ, 21 డిగ్రీల అక్షాంశం వద్ద, అది సుమారు 104 కిలోమీటర్లు. ఉత్తరంగా 888, పడమరగా 2,392 కిలోమీటర్లు వచ్చాయి కనుక, వీటిని లంబకోణ త్రిభుజం భుజాలుగా తీసుకుంటే కర్ణం సుమారు 2,550 కిలోమీటర్లు. అమెరికా వంటి సుదూర ప్రయాణాలకు ఈ పద్ధతి పనికిరాదు. అక్కడ గ్లోబు మీద దారం బిగించి కొలవడమే మేలు.

ఈ దారిలో తిరిగే జెట్ విమానాలు పైకి చేరాక గంటకు సుమారు 830 కిలోమీటర్ల వేగంతో పోతాయి. ఆ లెక్కన మూడు గంటల ఐదు నిమిషాలు పడుతుంది. రన్‌వే దాకా మెల్లగా సాగడానికి, విమానం పైకి లేవడానికి, కిందికి దిగడానికి మరో అరగంట కలపాలి. ఆపైన గాలి సంగతి చూడాలి. ముఖ్యంగా చలికాలంలో ఆ ఎత్తున పడమటి గాలులు బలంగా వీస్తాయి కనుక, వెళ్లేటప్పుడు ఎదురుగాలికి నాలుగు గంటల దాకా పట్టే ప్రయాణం, వచ్చేటప్పుడు మూడున్నర గంటల్లో ముగియవచ్చు.

ఇక గడియారం. దుబాయ్ మనకంటే గంటన్నర వెనుక ఉంటుంది. ఉదయం 10 గంటలకు ఇక్కడ బయలుదేరి నాలుగు గంటలు ప్రయాణించినవారికి టికెట్ మీద చేరే వేళ 12:30 అని కనిపిస్తుంది. మన గోడ గడియారం 12:30 చూపగానే ఫోను కలిపి, స్విచాఫ్ అని వినబడి కంగారుపడే తల్లిదండ్రులకు చెప్పవలసింది ఇదే: అప్పటికి విమానం ఇంకా ఆకాశంలోనే ఉంది, మరో గంటన్నర ఆగాలి.

తిరుగు ప్రయాణంలో గంటన్నర కలపాలి. అక్కడ రాత్రి 10 గంటలకు ఎక్కినవారు మూడున్నర గంటలు ప్రయాణించినా, ఇక్కడ దిగేసరికి తెల్లవారుజామున 3 గంటలవుతుంది, తేదీ కూడా మారుతుంది. కాబట్టి నిజామాబాద్ నుంచో జగిత్యాల నుంచో బండి కట్టించుకుని వచ్చేవారు టికెట్ మీద బయలుదేరే తేదీని కాక, చేరే తేదీని చూసి డ్రైవరుకు చెప్పాలి.